వేడినీటి గొట్టాలలో సున్నపు పెచ్చు: గుర్తించడం ఎలా? వదిలించడం ఎలా?

మార్గశిరం ప్రవేశించి చలి ముదిరే వేళకు మన సరిహద్దు పల్లెలలో ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. చన్నీళ్ల కుళాయి తిప్పితే నీరు ధారాళంగా వస్తుంది. వేడినీళ్ల కుళాయి తిప్పితే నూలుపోగులా సన్నగా జారుతుంది. గీజరు లోపల గుడగుడమని చప్పుడు చేస్తుంది. మిద్దె మీద సౌర పరికరం ఉన్న ఇంట, ఎండ ఎంత కాసినా బకెట్టు నిండే సరికి నీరు గోరువెచ్చగానే ఉంటుంది. ఇక ఇంటింటా ఒక్కొక్క వైద్యం మొదలవుతుంది. ఒకరు కొత్త గీజరు కొంటారు. ఇంకొకరు గోడ పగలగొట్టిస్తారు. వేరొకరు మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను గొట్టంలో పోస్తారు. మరొకరు నీరు కారుతున్న సేఫ్టీ వాల్వును బిగించి మూసివేస్తారు. మొదటి రెండింటి వల్ల ధననష్టం. చివరి రెండింటి వల్ల ప్రాణాపాయం. కనుక రోగం ఏమిటో, అది ఎక్కడ ఉన్నదో ముందుగా తెలుసుకోవడం అవసరం.

సున్నం ఎక్కడి నుండి వస్తుంది?

కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ ప్రాంతాలలోను, అటు హోసూరు, కృష్ణగిరి వైపు మెట్ట గ్రామాలలోను అనేక కుటుంబాలకు బోరుబావియే ఆధారం. కోలారు ప్రాంతంలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు కూడా ఉన్నాయి. వర్షపు నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణాన్ని పొందుతుంది. ఆ నీరు రాతి పగుళ్ల గుండా నడుస్తూ కాల్షియం, మెగ్నీషియం ఖనిజాలను కరిగించుకుంటుంది. దీనినే మన పాఠ్యపుస్తకాలు కఠిన జలం అంటాయి. కన్నడంలో ‘గడసు నీరు’, తమిళంలో ‘కడిన నీర్’, మరాఠీలో ‘జడ పాణీ’ అన్నా విషయం ఒక్కటే. నీటి పరీక్ష నివేదిక రాష్ట్ర భాషలో ఇచ్చినప్పుడు కన్నడంలో ‘గడసుతన’, తమిళంలో ‘కడినత్తన్మై’ అని ఉన్న వరుస మనకు కావలసిన వరుస అని గుర్తుంచుకోండి.

చక్కెర, ఉప్పు వంటివి నీరు వేడెక్కిన కొద్దీ ఎక్కువగా కరుగుతాయి. సున్నం స్వభావం ఇందుకు విరుద్ధం. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోతుంది. వాయువు బయటకు పోతుంది, కరగని కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. ఇదే తెల్లని సున్నపు పెచ్చు. ఒకే బోరు, ఒకే తొట్టి నీరు అయినా చన్నీటి గొట్టం శుభ్రంగా ఉండి వేడినీటి గొట్టం మూసుకుపోవడానికి కారణం ఇదే. ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటిన కొద్దీ పెచ్చు మరింత వేగంగా కడుతుంది.

ఎంత సున్నం చేరుతుందో చిన్న లెక్కతో చూద్దాం. మీ నీటి కాఠిన్యత లీటరుకు 500 మిల్లీగ్రాములని, ఇంట్లో రోజుకు 100 లీటర్లు వేడి చేస్తారని అనుకుందాం. ఆ నీటిలో మొత్తం 50 గ్రాముల కాఠిన్య లవణాలు ఉంటాయి. అందులో పదవ వంతు మాత్రమే లోపల నిలిచిపోయినా రోజుకు 5 గ్రాములు, నెలకు 150 గ్రాములు, ఏడాదికి సుమారు 1 కిలో 800 గ్రాములు. అంత బరువు గల సున్నపురాయి అర అంగుళం గొట్టంలోను, గీజరు అడుగునను చేరుతున్నదన్నమాట.

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మేలు. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. జిల్లా, తాలూకా స్థాయి తాగునీటి పరీక్షశాలలలో నామమాత్రపు రుసుముతో ఈ పరీక్ష చేయించవచ్చు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పిల్లల చేత చేయించండి. రెండు సమానమైన సీసాలలో ఒకదానిలో బోరు నీరు, రెండవదానిలో పట్టి ఉంచిన వాన నీరు సగం వరకు పోసి, రెండింటిలోను సమానంగా సబ్బు తురుము వేసి ఊపాలి. వాన నీటిలో నురుగు పొంగుతుంది. కఠిన జలంలో నురుగుకు బదులు తెల్లని తెట్టు తేలుతుంది.

లోపం ఎక్కడ ఉన్నది?

మరమ్మతుకు మనిషిని పిలిచే ముందు ఈ క్రమంలో పరిశీలించండి.

మొదట, చన్నీరు, వేడినీరు రెండూ సన్నగా వస్తున్నవా? అయితే లోపం వేడినీటి గొట్టంలో లేదు. మిద్దె మీది తొట్టిలో బురద, సగం మూసిన వాల్వు, లేక ప్రధాన గొట్టంలో ఇసుక కారణం కావచ్చు.

రెండవది, ఒక్క కుళాయిలోనే వేడినీరు సన్నగా ఉండి తక్కిన కుళాయిలలో బాగుంటే, ఆ కుళాయి మూతి జల్లెడలోనో, షవరు రంధ్రాలలోనో సున్నం పట్టింది. ఇది అరగంట పని.

మూడవది, వేడినీరు అన్ని కుళాయిలలోను సన్నగా ఉంటే గీజరుగానీ, దాని ముందు వెనుక ఉన్న గొట్టం వంపులుగానీ మూసుకుపోయాయి.

నాలుగవది, ఈ మార్పు హఠాత్తుగా వచ్చిందా, క్రమంగా వచ్చిందా? పెచ్చు నెలల తరబడి మెల్లగా పేరుకుంటుంది. నిన్నటి వరకు బాగుండి, తొట్టి ఖాళీ అయి మళ్లీ నిండిన తరువాత ధార ఆగిపోయి, బుస్సుబుస్సుమని గాలి, నీరు కలిసి వస్తుంటే అది గాలి అడ్డు, సున్నం కాదు. మిద్దె మీద గొట్టం మధ్యలో ఎత్తుగా లేచి మళ్లీ దిగే చోట గాలి చిక్కుకుంటుంది. అక్కడ గొట్టాన్ని సరిచేయాలి గాని యాసిడ్ పోసి ప్రయోజనం లేదు.

కంటి అంచనాకు బదులు కొలత మంచిది. పది లీటర్ల బకెట్టు చన్నీటితో నిండడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో, వేడినీటితో నిండడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో గోడ క్యాలెండరు మీద రాసి ఉంచండి. మూడు నెలలకు ఒకసారి ఇలా చేస్తే, గొట్టం పూర్తిగా మూసుకోక ముందే మీకు తెలిసిపోతుంది.

మా ఇంట ఈ కొలత లేకనే పొరబడ్డాం. గీజరు చెడిపోయిందనీ, కొత్తది తప్పదనీ మరమ్మతుకు వచ్చిన వ్యక్తి చెప్పాడు. తీరా విప్పి చూస్తే గీజరు బాగానే ఉన్నది. దాని నుండి బయటకు వచ్చే పాత ఇనుప గొట్టపు మొదటి వంపులో పెన్సిలు దూరేటంత రంధ్రం మాత్రమే మిగిలి ఉన్నది. కొత్త గీజరు కొని ఉంటే అదే వంపుకు తగిలించి, అదే సన్నని ధార చూసి ఉండేవాళ్లం.

పేరుకున్నది సున్నమేనా?

కుళాయి జల్లెడ విప్పి అందులో చేరిన పొడిని తెల్లని పళ్లెంలో వేయండి. తెల్లగా గరుకుగా ఉన్న పలుకు మీద నిమ్మరసంగానీ వినిగర్‌గానీ నాలుగు చుక్కలు వేస్తే బుడగలు వచ్చి కరగడం మొదలైతే అది సున్నం. బుడగలు రాక, వేళ్ల మధ్య గరగరలాడుతూ అడుగున కూర్చుంటే ఇసుక. తొట్టినీ, బోరునూ చూసుకోవాలి. ఎర్రగా, గోధుమ రంగులో ఉంటే తుప్పు; పాత ఇనుప గొట్టమో, గీజరు లోపలి తొట్టియో తినివేయబడుతున్నదని అర్థం. నల్లగా సాగే ముక్కలైతే అరిగిపోయిన రబ్బరు వాషరు కావచ్చు. సున్నానికి చేసే వైద్యం ఇసుకకు పనిచేయదు. తుప్పుకు చేస్తే కొన్నిసార్లు ఉన్న చిల్లి పెద్దదవుతుంది.

కుళాయి, షవరు శుభ్రం చేయడం

ఇది ఎవరైనా చేసుకోదగిన పని. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు 50 గ్రాములు ఒక లీటరు గోరువెచ్చని నీటిలో కరిగించి, విప్పిన జల్లెడను, షవరు తలను అందులో గంట, రెండు గంటలు నానబెట్టండి. పాత పళ్లు తోమే బ్రష్షుతో రుద్ది, మంచినీటితో కడిగి బిగించండి. మెరుగు పూత ఉన్న భాగాలను రాత్రంతా నానబెట్టరాదు, పూత మసకబారుతుంది. మన అవ్వలు రాగి హండా లోపలి తెల్లని పొరను చింతపండుతో తోమిన సంగతి గుర్తుందా? అందులోని పులుపే సున్నాన్ని కరిగించేది. ఉపాయం పాతదే, వస్తువు మాత్రమే మారింది.

గీజరు విషయంలో

గీజరు అడుగున ఉన్న సున్నం కింద నీరు చిక్కుకొని ఆవిరై పొంగడం వల్లనే గుడగుడ చప్పుడు వస్తుంది. విద్యుత్ ఎలిమెంటు చుట్టూ పెచ్చు కట్టితే దాని వేడి నీటికి త్వరగా చేరదు. రాగితో పోలిస్తే సున్నపు పొర వేడిని నూరు వంతులకు పైగా తక్కువగా ప్రసరింపజేస్తుంది. ఫలితంగా ఎలిమెంటు తనలో తానే అతిగా వేడెక్కి ఒకనాడు కాలిపోతుంది. అడుగున సున్నం చేరిన మేరకు నీటికి చోటు తగ్గుతుంది. రెండు బకెట్ల వేడినీరు ఇచ్చిన గీజరు ఒకటిన్నరతో సరిపెడుతుంది.

సరైన కాలం ఎంతో తెలిస్తే పోల్చుకోవచ్చు. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.7 యూనిట్ల విద్యుత్తు కావాలి. 2000 వాట్ల గీజరుకు ఇది ఇరవై ఒక్క నిమిషాల పని. ఓల్టేజి తక్కువగా ఉండే పల్లెలలో ఇంకొంత ఎక్కువ పడుతుంది. ఓల్టేజి బాగుండి కూడా కాలం బాగా పెరిగితే, లేదా గీజరు త్వరగా ఆగిపోయి నీరు గోరువెచ్చగానే ఉంటే, లోపలి థర్మోస్టాట్‌నూ, పెచ్చునూ చూపించాలి.

అడుగు మడ్డిని ఆరు నెలలకు ఒకసారి వదలడం మంచిది. ముందుగా స్విచ్చి కాదు, ఆ గదికి వచ్చే విద్యుత్తునే బోర్డు వద్ద ఆపండి. నీరు చల్లారే వరకు కొన్ని గంటలు ఆగండి. లోపలికి వచ్చే వాల్వు మూసి, వేడినీటి కుళాయి తెరిచి, గీజరు అడుగున ఉన్న మరనుగానీ, సేఫ్టీ వాల్వు మీటనుగానీ తిప్పి నీటిని వదలండి. తరువాత లోపలి వాల్వును కొద్ది కొద్దిగా రెండు మూడు మార్లు తెరిచి మూస్తే కదిలిన మడ్డి కొట్టుకువస్తుంది. అన్నీ మూసి, గీజరు నింపి, వేడినీటి కుళాయిలో నీరు నిలకడగా వచ్చిన తరువాతనే విద్యుత్తు ఇవ్వండి. ఖాళీ గీజరుకు విద్యుత్తు ఇస్తే ఎలిమెంటు నిమిషాలలో కాలిపోతుంది.

గట్టిపడిన పెచ్చు ఇలా పోదు. ఎలిమెంటును విప్పి శుభ్రపరచడం తెలిసిన మెకానిక్ పని. అదే సమయంలో లోపలి మెగ్నీషియం కడ్డీని కూడా చూడమని చెప్పండి. అది తాను తినివేయబడుతూ తొట్టిని తుప్పు నుండి కాపాడుతుంది, అరిగిపోతే మార్చాలి.

సేఫ్టీ వాల్వు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీరు 20 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని పరిమాణం సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. 15 లీటర్లకు అది ఒక గ్లాసెడు నీరు. వెనక్కు పోయే దారి లేనప్పుడు ఆ నీరు వాల్వు నుండి చుక్కలుగా కారుతుంది. ఇది లోపం కాదు, రక్షణ. ధారగా కారుతూ ఆగకపోతే వాల్వులో సున్నం చిక్కిందని భావించి మార్పించండి. అంతేగాని గుడ్డ చుట్టడం, మూత బిగించడం ఎన్నడూ చేయవద్దు. థర్మోస్టాట్ కూడా చెడిన రోజున ఆ ఒత్తిడికి వేరే దారి ఉండదు, గీజరు పేలిపోగలదు.

సౌర పరికరం ఉన్న ఇళ్లలో

రాగి గొట్టాల పలక రకంలో సన్నని గొట్టాలు నిలువుగా ఉంటాయి. కఠిన జలం నేరుగా వాటిలో నడిస్తే లోపల పెచ్చు కట్టి ప్రవాహం ఆగిపోతుంది. ఇటువంటి నీరున్న చోట హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న పలక రకం తగినది. అందులో పలకలోని నీరు వేరు, మనం వాడే నీరు వేరు. గాజు గొట్టాల రకం వెడల్పుగా ఉండడం వల్ల త్వరగా మూసుకోదు గాని, గొట్టాల అడుగున మడ్డి చేరుతుంది. ఏడాదికి ఒకసారి తెలిసినవారి చేత గొట్టాలు తీయించి కడిగించాలి.

గాజు గొట్టం కొనలో అద్దంలా మెరిసే వెండి పూత ఉంటుంది. అది తెల్లబడితే లోపలి శూన్యం పోయిందని అర్థం. దానిని సున్నమని భ్రమించి కడిగితే ప్రయోజనం లేదు. ఆ ఒక్క గొట్టాన్ని మార్చాలి.

ఈ పనులన్నీ తెల్లవారుజామున చేయాలి. ఎండలో కాలిన ఖాళీ గాజు గొట్టంలోకి చన్నీరు పోస్తే అది పగులుతుంది, దగ్గరున్నవారికి గాయాలవుతాయి. మధ్యాహ్నం తొట్టి ఖాళీ అయితే సాయంత్రం చల్లారే వరకు నింపవద్దు. పరికరం పైన నిలువుగా ఉన్న గాలి గొట్టాన్ని ఏ కారణం చేతనూ మూయవద్దు.

గొట్టాలు

పాత ఇనుప గొట్టంలో తుప్పు, సున్నం ఒకదానికొకటి తోడై, ముఖ్యంగా వంపుల వద్ద, గట్టి రాయిగా మారుతాయి. ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉంటే ఆ ముక్కలను మార్చవచ్చు. గొట్టం పొడవునా ఉంటే కడిగే ఖర్చు వృథా. వేడినీటికి తగిన సీపీవీసీ గొట్టం వేయించడం మేలు. చన్నీటికి వాడే సాధారణ పీవీసీ గొట్టం చవకని వేడినీటికి వేయకండి. అది మెత్తబడి అతుకుల వద్ద ఊడుతుంది. కొత్తగా వేసేటప్పుడు గీజరుకు ఇరువైపులా వాల్వులు, విప్పే జాయింట్లు, లోపలికి వచ్చే చోట ఒక జల్లెడ పెట్టించండి. అప్పుడు ఇకముందు గోడ పగలగొట్టవలసిన అవసరం రాదు. మిద్దె తొట్టి నుండి గొట్టం అడుగునే కాక రెండు మూడు అంగుళాల ఎత్తున తీస్తే బురద గొట్టంలోకి దిగదు.

చేయకూడనివి

మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సున్నాన్ని కరిగించే మాట నిజమే. దానితోపాటు ఇనుప గొట్టపు జింకు పూతను, గీజరు లోహాన్ని, కుళాయి ఇత్తడిని కూడా తింటుంది. గొట్టంలో వాయువు పుట్టి యాసిడ్ ఎగజిమ్మి కళ్లలో పడవచ్చు. ఆ యాసిడ్ బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న స్నానపు గదిలో అది ప్రాణాంతకం. ఈ రెంటినీ ఒకే రోజున ఒకే గదిలో వాడవద్దు.

గ్యాస్ గీజరులోని సన్నని రాగి చుట్ట మన నీటికి త్వరగా మూసుకుంటుంది. అంతకంటె ముఖ్యం, అది వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువును వెలువరించగలదు. గాలి ఆడని స్నానపు గదిలో దానిని ఉంచవద్దు. గది బయట అమర్చండి.

బకెట్టులో పెట్టే హీటరు కడ్డీ మీది పెచ్చును కత్తితో గీకవద్దు. పైపొర దెబ్బతింటే విద్యుత్తు నీటిలోకి వస్తుంది. ప్లగ్గు తీసి, కడ్డీ చల్లారిన తరువాత నిమ్మ ఉప్పు నీటిలో లోహపు భాగాన్ని మాత్రమే నానబెట్టి తుడవండి.

ముందుజాగ్రత్త

గీజరును 55 నుండి 60 డిగ్రీల మధ్య ఉంచితే స్నానానికి చాలు. పెచ్చు కట్టడం తగ్గుతుంది, పిల్లలకు కాలిన గాయాల భయమూ తగ్గుతుంది. అయినా ఆ నీరు కాలేదే. ముందుగా బకెట్టులో చన్నీరు పట్టి ఆ పైన వేడినీరు కలపండి. వాన నీరు స్వభావరీత్యా మృదువైనది. మిద్దె నీటిని పట్టి తొట్టిలో కలిపితే ఆ మేరకు కాఠిన్యత తగ్గుతుంది. కాఠిన్యత మరీ ఎక్కువైతే ఉప్పుతో శుద్ధి అయ్యే సాఫ్ట్‌నర్ పరికరం నిజంగా పనిచేస్తుంది. కాని దానికి క్రమం తప్పక ఉప్పు వేయాలి, అది వదిలే ఉప్పునీటిని చెట్ల పాదులలోకి పోనివ్వరాదు. గొట్టం చుట్టూ కట్టే అయస్కాంతాలను నమ్మి డబ్బు పెట్టేంతటి గట్టి ఆధారం లేదు.

చివరిగా ఒక మాట. కాఠిన్యత వేరు, ఫ్లోరైడ్ వేరు. కాల్షియం, మెగ్నీషియం ఉన్నంత మాత్రాన నీరు విషం కాదు. కాని పావగడ వంటి ప్రాంతాల బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ తాగడానికి తగదు. నీటిని మరిగిస్తే సున్నం అడుగున దిగుతుంది గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన మేరకు చిక్కబడుతుంది. పెచ్చు కట్టని నీరంతా మంచినీరనీ, మరిగించిన నీరంతా నిరపాయమనీ అనుకోరాదు. కాఠిన్యత పరీక్షకు సీసా పంపినప్పుడే ఫ్లోరైడ్ పరీక్ష కూడా అడగండి. వేడినీటి కుళాయి బాగుపడితే ఇంటికి సుఖం; తాగే నీటి సంగతి తెలిస్తే పిల్లల పళ్లకు, ఎముకలకు రక్ష.